లెన్సు ఆగనివ్వండి, ముందు వెలుతురు సంగతి చూడండి

ప్రశ్న: బెంగళూరు కె.ఆర్.పురంలో అపార్టుమెంటులో ఉంటాను. కెనాన్ 1500డీ కెమెరా, దానితో వచ్చిన 18-55, 55-250 లెన్సులు ఉన్నాయి. బాల్కనీ గోడ మీద గెంతుతూ తిరిగే చిన్న సాలీళ్ళను, కుండీల్లోని పురుగులను తీయాలని నెల రోజులుగా తంటాలు పడుతున్నాను. అన్నీ మసకగానే వస్తున్నాయి. 100 మి.మీ. మాక్రో లెన్సు కొంటే తప్ప పని కాదంటున్నారు. నా చేతిలో ఇరవై వేలకు మించి లేదు. డబ్బు కూడేదాకా ఆగాలా? ఎక్కడ, ఎప్పుడు తీస్తే మంచిది? ఇంట్లోవాళ్ళేమో సాలీడు కుడుతుందని భయపడుతున్నారు.

సమాధానం: ఆగనక్కర్లేదు. మీ దగ్గరున్న 55-250 లెన్సుతోనే సాలీడు కళ్ళు లెక్కపెట్టుకునేంత దగ్గరగా తీయవచ్చు. మీకు నిజంగా లోటున్నది వెలుతురు. మీరు పంపిన మూడు ఫోటోల్లో ఆ సంగతి తెలిసిపోతోంది: సాయంత్రం, బాల్కనీలో, సెకనులో 1/40 వంతు షట్టరు, ఎఫ్/5.6 (లెన్సు కన్నం ఎంత తెరుచుకుందో చెప్పే అంకె), ఐఎస్ఓ 3200 (కెమెరా వెలుతురును పట్టే చురుకు). ఆ షట్టరుకి చెయ్యి వణుకుతుంది, ఆ ఎఫ్ నంబరుకి కన్ను ఫోకస్‌లో ఉంటే కాలు ఉండదు, ఆ ఐఎస్ఓకి ఒంటి మీది నూగంతా ముద్దగా కలిసిపోతుంది. లక్ష రూపాయల మాక్రో లెన్సు బిగించినా అదే చోట, అదే వేళకి ఇవే ఫోటోలు వస్తాయి.

రెండో కారణం కొలతల్లో ఉంది. మీరు వాడినది 18-55. ఎంత దగ్గరకి వెళ్ళినా అది వస్తువును సెన్సారు (కెమెరాలో బొమ్మ పడే పలక) మీద అసలు కొలతలో మూడో వంతుగానే చూపిస్తుంది. మీ సెన్సారు వెడల్పు సుమారు 22 మి.మీ. కనుక ఫ్రేములో దాదాపు 65 మి.మీ. మేర పడుతుంది. అందులో 8 మి.మీ. సాలీడు ఎనిమిదో వంతు జాగా తీసుకుంటుంది. మిగిలిందంతా గోడే. అదే సాలీడు 1:1 దగ్గర, అంటే దాని అసలు కొలత ఎంతో సెన్సారు మీద అంతే పడినప్పుడు, ఫ్రేములో మూడో వంతు పైగా నిండుతుంది. మీకు కావలసింది 1:1, అప్పుడప్పుడు అంతకు కొంచెం పైన.

అక్కడికి చేరడానికి మూడు దారులున్నాయి. లెన్సును తలకిందులుగా బిగించే రివర్స్ రింగు అన్నిటికన్నా చౌక. కానీ మీ లెన్సులకు ఎపర్చరును, అంటే వెలుతురు వచ్చే కన్నాన్ని, చేత్తో మార్చే రింగు లేదు. తిప్పి బిగిస్తే ఎపర్చరు పూర్తిగా తెరుచుకుని ఉండిపోతుంది. పైగా లెన్సుకీ పురుగుకీ మధ్య నాలుగైదు సెంటీమీటర్లే మిగులుతుంది, అంత దగ్గర గెంతే సాలీడు ఉండదు. రెండోది కెమెరాకీ లెన్సుకీ మధ్య బిగించే ఖాళీ గొట్టం, ఎక్స్‌టెన్షన్ ట్యూబు. 50 మి.మీ. లెన్సు ఉన్నవాళ్ళకి అది బాగుంటుంది, ఎందుకంటే ట్యూబు పొడవును లెన్సు ఫోకల్ లెంగ్తుతో (లెన్సు మీది మి.మీ. అంకెతో) భాగిస్తే వచ్చేదే అదనపు మాగ్నిఫికేషన్, అంటే బొమ్మ ఎన్ని రెట్లు పడుతుందో చెప్పే లెక్క. 250కి ఆ భాగహారం ఏమంత లాభసాటి కాదు. ట్యూబు ఎప్పుడైనా కొనేటట్లయితే లోపల లోహపు కాంటాక్టులున్నదే కొనండి. అవి లేని చౌక ట్యూబుతో ఎపర్చరు మీ చేతిలో ఉండదు.

మీకు సరిపోయేది మూడోది, లెన్సు ముందు తగిలించే క్లోజప్ లెన్సు. రేనాక్స్ డీసీఆర్-250 అడగండి. దాని శక్తి 8 డయాప్టర్లు (కళ్ళజోడు పవరును కొలిచే కొలతే). 52 నుంచి 67 మి.మీ. ఫిల్టరు కొలత ఉన్న లెన్సులకు నొక్కి తగిలించే క్లిప్పు దానితోనే వస్తుంది, మీ 55-250ది 58 మి.మీ. కాబట్టి ఇంకే రింగూ కొనక్కర్లేదు. కళ్ళజోడు అద్దం లాంటి ఒంటి గాజు ఫిల్టర్లు నాలుగు కలిపి ఓ డబ్బాలో అమ్ముతుంటారు, అవి వద్దు. వాటితో అంచుల్లో ఊదా, ఆకుపచ్చ చారలు వస్తాయి. రేనాక్స్‌లో మూడు గాజులు కలిసి ఆ చారలను సరిచేస్తాయి.

దీని లెక్క తెలిస్తే పని సులువవుతుంది. లెన్సు ఫోకస్‌ను అనంతం దగ్గర ఉంచినప్పుడు, ఫోకల్ లెంగ్తును డయాప్టరుతో గుణించి వెయ్యితో భాగిస్తే మాగ్నిఫికేషన్ వస్తుంది. జూమ్ 125 దగ్గర 1:1. 250 దగ్గర 2:1, అంటే ఫ్రేము వెడల్పు 11 మిల్లీమీటర్లే. 100 దగ్గర ఫ్రేములో 28 మి.మీ. పడుతుంది. లెన్సు మొన నుంచి పురుగుదాకా దూరం మాత్రం ఎక్కడ జూమ్ చేసినా దాదాపు 12 సెంటీమీటర్లే, మారదు. అంటే జూమ్ రింగే మీ మాగ్నిఫికేషన్ మీట. కెమెరా కదపకుండా సాలీడు మొత్తాన్నీ ఒకటి, ముఖాన్ని ఒకటి తీసుకోవచ్చు. అసలు మాక్రో లెన్సుకి కూడా ఈ సౌకర్యం లేదు. జూమ్ బాగా తగ్గిస్తే మూలలు నల్లబడతాయి, అప్పుడు రేనాక్స్ తీసేయండి. మొదటి రెండు నెలలు 100కీ 150కీ మధ్యే ఉండండి. 250 దగ్గరకి తొందరపడి వెళ్ళేవాళ్ళే ఎక్కువగా విసిగి మానేస్తారు. మాగ్నిఫికేషన్ రెట్టింపైతే ఫోకస్‌లో ఉండే మందం నాలుగో వంతుకి పడిపోతుంది మరి. ఎఫ్/16లో 1:1 దగ్గర ఆ మందం అర మిల్లీమీటరు పైచిలుకు ఉంటుంది. 2:1 దగ్గర అది 0.16 మి.మీ.

ఇదే కంపెనీది డీసీఆర్-150 కూడా ఉంది, 4.8 డయాప్టర్లు. దానితో 20 సెంటీమీటర్ల దూరం నుంచి తీయవచ్చు, సీతాకోకచిలుకలకూ తూనీగలకూ హాయిగా ఉంటుంది. అయినా సాలీళ్ళు మీ ఆసక్తి కనుక డీసీఆర్-250 వైపే మొగ్గు చూపుతాం. దూరం తగ్గితే ఫ్లాష్ పురుగుకి దగ్గరవుతుంది, దగ్గరైన కొద్దీ వెలుతురు మెత్తగా పడుతుంది.

ఇక వెలుతురు. చేతిలో పట్టుకుని తీసే మాక్రోలో ఫోటోను స్తంభింపజేసేది షట్టరు కాదు, ఫ్లాష్ మెరుపు. ఫ్లాష్ శక్తిని 1/16 దాకా తగ్గిస్తే ఆ మెరుపు సెకనులో కొన్ని వేల వంతులో ముగిసిపోతుంది. మీ చేతి వణుకూ, ఆకు కదలికా ఆ కాసింతలో కనబడవు. చిన్న స్పీడ్‌లైటు, అంటే కెమెరా పైన తగిలించే విడి ఫ్లాష్, చాలు. గోడాక్స్ టీటీ350లో కెనాన్‌కి సరిపడే రకం ఉంది, రెండు ఏఏ బ్యాటరీలతో నడుస్తుంది. రీచార్జి అయ్యే ఎన్ఐఎంహెచ్ బ్యాటరీలు వాడండి, మామూలు ఆల్కలైన్ సెల్స్‌తో రెండు ఫోటోల మధ్య ఎదురుచూపు పెరుగుతుంది. ఒక జాగ్రత్త: తక్కువ ధర కెనాన్ బాడీలు కొన్నింటిలో పైన ఫ్లాష్ బిగించే చోట మధ్యలో ఉండాల్సిన గుండ్రటి లోహపు చుక్క ఉండదు. అలాంటి బాడీ మీద వేరే కంపెనీల మాన్యువల్ ఫ్లాష్‌లు కొన్ని వెలగవు. కెమెరాను దుకాణానికి తీసుకెళ్ళి, ఫ్లాష్ తగిలించి, మాన్యువల్ మోడ్‌లో పదిసార్లు వెలిగించి చూశాకే డబ్బు కట్టండి. రేనాక్సూ ఈ ఫ్లాషూ రెండూ కలిపి మీరు చెప్పిన మొత్తంలో సర్దుకోవచ్చు.

వట్టి ఫ్లాష్ నేరుగా కొడితే నల్లటి కంట్లో సూదిమొనంత తెల్ల చుక్క పడుతుంది, పేడపురుగు వీపు మీద కాలిన మచ్చలా కనిపిస్తుంది. దీనికి మందు డిఫ్యూజరు, అంటే వెలుతురును పరిచి మెత్తబరిచే తొడుగు. కొనకండి, చేసుకోండి. మందపాటి చార్టు కాగితంతో ఒక గొట్టం చేసి, లోపల వంటింటి అల్యూమినియం ఫాయిల్ అంటించండి. ఒక కొస ఫ్లాష్ తలకు బిగుతుగా పట్టాలి, రెండో కొస వెడల్పుగా విచ్చుకుని లెన్సు మొనకి సరిగ్గా పైన ఆగాలి. ఆ నోరు సుమారు 15 సెంటీమీటర్లు ఎత్తు, 20 వెడల్పు ఉండనివ్వండి. నోటికి ట్రేసింగ్ పేపరు ఒక పొర అంటించండి. అవెన్యూ రోడ్డులో ఏ స్టేషనరీ దుకాణంలోనైనా దొరుకుతుంది. దానికి రెండు మూడు సెంటీమీటర్లు ఎడంగా, టీవీ పెట్టెల్లో చుట్టి వచ్చే పల్చటి తెల్ల ఫోమ్ షీటును రెండో పొరగా వేలాడదీసి, లెన్సు మొన మీదుగా గొడుగు అంచులా ముందుకి వంచండి. ఆ ఎడమే ముఖ్యం. రెండు పొరలూ అతుక్కుని ఉంటే ఒక పొర చేసే పనే చేస్తాయి. వెన్న కాగితం వాడితే ఫోటో పచ్చబడుతుంది, తర్వాత రంగులు సరిచేసుకోలేక అవస్థ.

చేసిన డిఫ్యూజరు బాగుందో లేదో తెలియడానికి పురుగు అక్కర్లేదు. సీతాఫలం గింజ ఒకటి కడిగి ఆరబెట్టి తీయండి. నల్లగా నిగనిగలాడుతూ గుండ్రంగా ఉంటుంది కనుక అచ్చం సాలీడు కన్నులాగే ప్రవర్తిస్తుంది. దాని మీద మెరుపు చిన్నగా, గట్టి అంచులతో పడితే పొర చాలలేదన్నమాట. వెడల్పుగా పరచుకుని, అంచులు నెమ్మదిగా నలుపులోకి కరిగిపోతే సాలీడు దగ్గరకి వెళ్ళవచ్చు. ఈ గింజ పరీక్షకి ఒక ఆదివారం మొత్తం ఇచ్చినా నష్టం లేదు. గొట్టం పొడవు మార్చండి, ఫోమ్ ఒంపు మార్చండి, ప్రతిసారీ గింజ మీద మెరుపు ఆకారం ఎలా మారిందో చూడండి. సాలీడు ముందు కూర్చుని నేర్చుకునే విషయం కాదిది, అది అంతసేపు ఉండదు.

స్పీడ్‌లైటు కొనేలోపు కెమెరా మీది పాప్-అప్ ఫ్లాష్‌తోనూ మొదలుపెట్టవచ్చు. దాన్ని అలాగే వాడితే లెన్సు నీడ ఫోటో అడుగున అర్ధచంద్రంలా పడుతుంది. ఏ4 కొలత తెల్ల ఫోమ్ షీటుకి మధ్యలో లెన్సు పట్టేంత కన్నం చేసి, లెన్సు మొన దగ్గర పళ్ళెంలా తొడగండి. ఫ్లాష్ వెనక నుంచి ఆ షీటును వెలిగిస్తుంది, షీటు మొత్తం దీపమవుతుంది. వెలుతురు కొంత పోతుంది కాబట్టి ఐఎస్ఓ 400 పెట్టండి.

మొదటి సెట్టింగులు ఇవి: మాన్యువల్ మోడ్, షట్టరు 1/200, ఎఫ్/11, ఐఎస్ఓ 200, ఫ్లాష్ మాన్యువల్‌లో 1/8, రా (కెమెరా మార్చని ముడి) ఫైలు. షట్టరు 1/200 దాటించకండి, దాటితే ఫ్రేములో ఒక పక్క నల్ల పట్టీ పడుతుంది. ఫోటో తెల్లబడితే ఫ్లాష్ శక్తి తగ్గించండి, చీకటైతే ముందు డిఫ్యూజరును దగ్గర చేయండి, ఆ తర్వాతే శక్తి పెంచండి. క్లోజప్ లెన్సుతో ఇంకో మేలు: ట్యూబుతో 1:1 దగ్గర ఎఫ్/11 పెడితే లోపల జరిగేది ఎఫ్/22తో సమానం, రేనాక్స్‌తో అయితే ఎఫ్/11 అంటే దాదాపు ఎఫ్/11 గానే ఉంటుంది. కాబట్టి ఎఫ్/16 దాకా ధైర్యంగా వెళ్ళవచ్చు. ఎఫ్/22 దగ్గర మాత్రం ఫోటో మొత్తం మెత్తబడుతుంది. ఫోటోలన్నింటిలో ఒకే చోట బూడిదరంగు చుక్కలు కనిపిస్తే అది సెన్సారు మీది దుమ్ము, లెన్సును నిందించకండి.

ఆటోఫోకస్ ఆపేయండి. ఫోకస్ రింగు అనంతం దగ్గర, జూమ్ 125 దగ్గర పెట్టి, కెమెరాతో సహా మీరే మెల్లగా ముందుకి జరగండి. కన్ను పదునుగా కనిపించిన క్షణంలో నొక్కండి. ఎడమచేతి వేళ్ళతో ఆకు కాడ పట్టుకుని, ఆ మణికట్టు మీదే లెన్సు ఆనించండి. అప్పుడు గాలికి ఆకు ఊగినా, మీరు ఊగినా రెండూ కలిసే ఊగుతాయి. ట్రైపాడు గురించి అడగలేదు కానీ చెబుతున్నాం: మేలుకుని ఉన్న సాలీడుకి అది పనికిరాదు, కాళ్ళు సర్దేలోపు వెళ్ళిపోతుంది. ముప్పై నొక్కితే రెండో మూడో నిలుస్తాయి. ఈ పనిలో ఎవరికైనా లెక్క కాస్త అటూఇటూ అంతే.

మీ గోడ మీదివి గెంతే సాలీళ్ళు. వీటికి ఎనిమిది కళ్ళు, ముందు వరుసలో నాలుగు, వాటిలో మధ్య రెండూ పెద్దవి. మీరు కదిలితే అవి మీ వైపు తిరిగి చూస్తాయి. ఈ ఆసక్తే మనకి అవకాశం. పైనుంచి కాకుండా దాని కళ్ళ ఎత్తుకి దిగి, ఎదురుగా తీయండి. అలా తీస్తే రెండు పెద్ద కళ్ళూ ఒకే దూరంలో ఉంటాయి, ఆ అర మిల్లీమీటరు మందంలో రెండూ పడతాయి. ఏటవాలుగా తీస్తే ఒక కన్నే దక్కుతుంది. దగ్గరకి వెళ్ళేటప్పుడు నీడ దాని మీద పడనివ్వకండి. ముందు కాళ్ళు పైకెత్తిందంటే బెదిరిందని అర్థం, అక్కడే ఆగండి. ఈగను పట్టుకున్న సాలీడు కనిపిస్తే మాత్రం ఆ అవకాశం వదలకండి, తినేంతసేపు పెద్దగా కదలదు. తెల్లటి గోడ మీద ఫోటో చప్పగా ఉంటుంది. దాని దారిలో ఒక ఆకు పెడితే తనే ఎక్కి కొసకి వెళ్ళి నిలబడుతుంది.

వెనక అంతా కటిక నలుపు వస్తోందంటే ఫ్లాష్ వెలుతురు అంతదూరం చేరడం లేదని అర్థం. పురుగుకి నాలుగైదు సెంటీమీటర్ల వెనక ఒక పచ్చటి ఆకు పట్టుకోండి, చాలు.

ఎక్కడ తీయాలంటే, ముందు మీ బాల్కనీలోనే. కరివేపాకు కుండీ ఒకటి, నిమ్మ కుండీ ఒకటి పెట్టి, వాటికి మందు కొట్టకండి. నిమ్మ సీతాకోకచిలుక వాటి మీద గుడ్లు పెడుతుంది, దాని లేత గొంగళిపురుగులు పక్షి రెట్టలా ఉండి పైకి కనబడవు. మందారానికి పిండినల్లి, పేనుబంక పడితే బాధపడకండి, వాటిని తినడానికి అక్షింతల పురుగులూ అల్లిక రెక్కల పురుగులూ వస్తాయి, వాటి కోసం సాలీళ్ళు వస్తాయి. ఖాళీ స్థలంలో జిల్లేడు చెట్టుంటే అదొక్కటే వారం పనికి చాలు. దాని మీద పసుపుపచ్చ పేనుబంక, నీలం పసుపు చారల జిల్లేడు మిడత, చుక్కల గొంగళిపురుగులు ఉంటాయి. ఆ మిడతను చేత్తో పట్టుకోకండి, జిల్లేడు విషం కలిసిన ద్రవాన్ని చిమ్ముతుంది.

అపార్టుమెంటు తోటమాలితో స్నేహం చేయండి. కన్నడంలో సాలీడుని ‘జేడ’ అంటారు. ఆ ఒక్క మాట చాలు, ఏ పొదలో ఏ గూడుందో ఆయనే చూపిస్తారు, రోజూ దులిపేది ఆయనే కదా. పురుగుల మందు ఏ రోజు కొడతారో కూడా అడిగి తెలుసుకోండి, ఆ తర్వాత కొన్ని రోజులు వెతికి ప్రయోజనం ఉండదు. బయటికి వెళ్ళాలనుకుంటే లాల్‌బాగ్, కబ్బన్ పార్కు. పొద్దున్నే ఆరు గంటలకల్లా చేరితే ఎండెక్కేదాకా రెండు గంటలు పురుగులు మందకొడిగా ఉంటాయి. పొదల మధ్య గూట్లో తెల్లటి దారంతో గుణకారం గుర్తు అల్లుకుని, తల కిందికి పెట్టి కూర్చున్నది ఆర్జియోపి సాలీడు. గూడు కదిలితే ఒళ్ళంతా ఊపేస్తుంది. ఊపు ఆగేదాకా ఊపిరి బిగబట్టి నిలబడండి. దాన్ని గూటికి సరిగ్గా ఎదురుగా తీయాలి, సెన్సారూ గూడూ సమాంతరంగా ఉంటే ఎనిమిది కాళ్ళూ పదునుగా వస్తాయి. పువ్వు మీది తేనెటీగ మీరు దగ్గరకి వెళ్ళినా ఎగరకపోతే పువ్వు కిందికి తొంగి చూడండి, పీత సాలీడు దాని మెడ పట్టుకుని ఉండవచ్చు. ఆకులు కుట్టి గూళ్ళు కట్టే ఎర్రచీమల వరుసలో ఒక చీమ విడిగా, తడబడుతూ నడిస్తే కాళ్ళు లెక్కపెట్టండి. ఎనిమిదుంటే అది చీమ వేషం వేసిన గెంతే సాలీడు, మీసాల్లా ఊపేవి నిజానికి దాని ముందు కాళ్ళు. పట్టుకోబోతే దారం మీద కిందికి జారుతుంది.

జూన్ నుంచి నవంబరు దాకా బెంగళూరులో మంచి కాలం. ఆరుద్ర కార్తె వానలకి మట్టి మీద ఎర్రటి మఖమల్ గుడ్డ ముక్కల్లా ఆరుద్ర పురుగులు తిరుగుతాయి. వాటికీ కాళ్ళు ఎనిమిది, సాలీళ్ళ బంధువులే. డిసెంబరు, జనవరి తెల్లవారుజామున మంచు పడిన గడ్డి మీద తూనీగలు నిద్రపోతుంటాయి. ట్రైపాడు, సహజమైన వెలుతురు, ఒక సెకను షట్టరు, ఇవన్నీ అప్పుడు పనికొస్తాయి. రాత్రి అయితే తలకి టార్చి కట్టుకుని గడ్డి మీద వెలుగు వేయండి, తోడేలు సాలీళ్ళ కళ్ళు మంచు బిందువుల్లా తిరిగి మెరుస్తాయి. టార్చి మీ కళ్ళ ఎత్తులో ఉంటేనే ఆ మెరుపు కనబడుతుంది. ఇదంతా అపార్టుమెంటు తోటలోనే, బూట్లు వేసుకుని. తురహళ్ళి లాంటి అటవీ భూముల్లోకి అనుమతి లేకుండా వెళ్ళకండి, చెరువు గట్ల మీద రాత్రి ఒంటరిగా పాకకండి.

ఇంట్లోవాళ్ళ భయం సంగతి. గోడ మీద గెంతే సాలీడు మనిషిని వెతికి కుట్టదు. స్నానాల గదిలో కనిపించే అరచేతంత సాలీడు కూడా బొద్దింకల కోసమే వస్తుంది. లెన్సు మీదికి గెంతిందంటే అద్దంలో ఏదో కనబడిందనే, ఒక కాగితం మీదికి ఎక్కించి దింపేయండి. జాగ్రత్త పడాల్సింది కందిరీగ గూళ్ళతో, వెంట్రుకల గొంగళిపురుగులతో.

పురుగు కదలకుండా ఉండాలని ఫ్రిజ్‌లో పెట్టి తీసే పద్ధతి ఒకటి మీ చెవిన పడుతుంది. వద్దు. చలికి బిగుసుకున్న సాలీడు కాళ్ళు ముడుచుకుని ఉంటుంది, చూసే కన్ను ఉన్నవాళ్ళకి అది ఇట్టే తెలిసిపోతుంది. అంతకుమించి, ఒక ప్రాణిని మన ఫోటో కోసం అలా హింసించే హక్కు మనకు లేదు. గుడ్ల సంచి మోస్తున్న సాలీడును, ముడిచిన ఆకు గూడును విప్పి చూడకండి. వంచిన కొమ్మను మళ్ళీ ఉన్నచోటే వదలండి.

పేరు తెలుసుకోవాలంటే ఒక్క అందమైన ఫోటో చాలదు. ముఖం, పైభాగం, పక్కభాగం, గూడు ఉంటే గూడు, కూర్చున్న మొక్క, ఇవన్నీ తీసి తేదీతో ఐనాచురలిస్టులోనో ఇండియా బయోడైవర్సిటీ పోర్టల్‌లోనో, ఈ వెబ్‌సైట్లలో ఒకదాంట్లో పెట్టండి. చాలా సాలీళ్ళను సూక్ష్మదర్శిని కింద చూస్తే తప్ప జాతి తేల్చలేరు, పిల్ల సాలీళ్ళ విషయంలో అయితే మరీ కష్టం. ప్రజాతి (దగ్గరి జాతులన్నీ కలిసిన గుంపు) దగ్గర ఆగిపోయినా అది సరైన సమాధానమే. పది ఫ్రేములు కలిపి ఒకటి చేసే స్టాకింగుకి హెలికాన్ ఫోకస్, జెరీన్ స్టాకర్ అనే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి కానీ, ఒక్క ఫ్రేములో రెండు కళ్ళూ పదునుగా తేవడం చేతికి అలవాటయ్యాకే అటు చూడండి. అప్పటికీ 100 మి.మీ. మాక్రో కావాలనిపిస్తే కొనండి. ఈ డిఫ్యూజరు గొట్టం పొడవు ఒక్కటి మార్చుకుంటే దానికీ పనికొస్తుంది.